విచారణకు పిలుపు వచ్చినపుడు

రెండు మాసముల క్రిందట ఒక సాయంకాలము, దీపము పెట్టు వేళ, మా వీథిలోనుండు ఒక యిల్లాలు మా గుమ్మము కడకు వచ్చి, లోనికి రాక అచ్చటనే నిలిచిపోయినది. చేయి పట్టుకొని లోనికి తీసికొని రాగా, కొంగుచాటున దాచియుంచిన కాగితమును మా చేతికిచ్చి, “అక్కయ్యగారూ, నన్ను విచారణకు పిలిచారండీ. నేనేం తప్పు చేశానో చదివి చెప్పండి” అన్నది. ఆమె కన్నుల నీరు నిండియున్నది.

చదివి చూచితిమి. అది నేరవిచారణ కాదు. ఆమె తాను కల్పించిన యొక సాధనమునకు పేటెంటు కోరి దరఖాస్తు పెట్టుకొనియుండెను. ఆ దరఖాస్తు విషయమున ఆమె చెప్పుకొనదలచినది వినుటకై చెన్నైలోని పేటెంటు కార్యాలయమువారు ఒక దినమును, ఒక వేళను నిర్ణయించి పంపిన నోటీసది. మీ మాట వినెదము రమ్మని పిలిచినవారిని చూచి ఆమె భయపడినది! అయినను ఆ భయమును మేము తప్పుపట్టలేదు. విచారణ యన్న మాట మన యిండ్లలో మంచి సందర్భమున వినబడునది కాదు. దొంగతనము జరిగినచోట విచారణ. లెక్కలు తేలనిచోట విచారణ. కాని ఇంగ్లీషున దీనిని హియరింగు అందురు. అనగా వినుట. వినువారు అధికారులు, చెప్పువారము మనము. ఈ భేదమొక్కటి తెలిసినచో సగము భయము తీరును. తక్కిన సగము తీరుటకు ఏమి చేయవలయునో తెలుపుటకే ఈ మాసము మా పుటను వినియోగించుచున్నాము.

ముందుగా ఆమె కల్పన యెట్టిదో చెప్పవలసియున్నది. ఆమె చింతపండు పనివలన కుటుంబమును పోషించుకొనుచున్నది. రాయలసీమలో చింతపండు కాలము వచ్చినదనిన ఆడువారి చేతులకు విశ్రాంతి యుండదు. పెంకు తీయవలయును, ఈనెలు లాగవలయును, గింజలు కొట్టి తీయవలయును. సుత్తి పట్టిన చేయి సాయంకాలమునకు అన్నపు ముద్దనైనను సరిగా పట్టజాలదు. ఈమె రెండు చెక్కల నడుమ సన్నని సందు ఏర్పరచి, సందునకు ఇరుప్రక్కల రబ్బరు పట్టీలు బిగించి, పైనుండి చేతితో నొక్కుటకు ఒక పిడిని అమర్చినది. గింజ లావునుబట్టి సందును పెంచుటకును తగ్గించుటకును ఒక మరమేకును పెట్టినది. పిడి నొక్కగనే గింజ చితుకక క్రిందికి జారును. పండు చెదరక పైన నిలుచును. చూచినవారెల్లరు మెచ్చుకొనిరి. మెచ్చుకొనినవారిలో ఒక వర్తకుడు దానివంటివి కొన్ని చేయించి అమ్ముటకు పూనుకొనినట్లు ఆమెకు తెలియవచ్చినది. ఆమె భయమునకు అసలు కారణమిదియే. ఈ విచారణలో తన మాట నెగ్గనిచో, తన చేతినొప్పినుండి పుట్టిన సాధనము సంతలో ఎవరి సొమ్మో యగును.

ఇట్టి కల్పనలు మన యిండ్లలో అరుదని తలంపవలదు. ఆలేరు ప్రాంతమున శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశముగారు, చీరకు ఆసు పోయుటలో తల్లి లక్ష్మిగారు చేతిని వేల పర్యాయములు త్రిప్పుచు పడుచుండిన బాధను చూచి, 1999 సంవత్సరమున ఆసు యంత్రమును సిద్ధము చేసి దానికి తల్లి పేరే పెట్టినారు. 2017లో వారికి పద్మశ్రీ లభించినది. తల్లి భుజపు నొప్పి యంత్రమునకు కారణమైనపుడు, తన చేతినొప్పికి తానే విరుగుడు కనిపెట్టుకొను స్త్రీలు ఉండరా? ఉందురు. కాని కనిపెట్టుట యొక పని. అది తనదని కాగితముమీద నిలుపుకొనుట వేరొక పని. ఈ రెండవ పనిలోనే మనము వెనుకబడుచున్నాము.

పేటెంటనగా, క్రొత్త కల్పన చేసినవారి యనుమతి లేక యితరులు దానిని చేయుటనుగాని, వాడుటనుగాని, అమ్ముటనుగాని అడ్డగించుటకు ప్రభుత్వమిచ్చు హక్కు. దరఖాస్తు పెట్టిన తేదినుండి 20 సంవత్సరములు అది చెల్లును. అందుకు ప్రతిగా కల్పనలోని మర్మమును దాచక లోకమునకు వెల్లడింపవలయును. మన దేశమున దీనికి ఆధారము 1970 నాటి పేటెంట్ల చట్టము. కల్పన క్రొత్తదై యుండవలయును. ఆ పని తెలిసినవానికి వెంటనే తోచునంత తేలికది కాకుండవలయును. పరిశ్రమకు పనికివచ్చునదై యుండవలయును. ఈ మూడును కలవో లేవో పరీక్షకులు చూతురు. సామాన్యముగా దరఖాస్తు 18 మాసములకు ప్రకటింపబడును. పరీక్ష చేయుడని వేరుగా కోరవలయును. దరఖాస్తు వ్యక్తులదై, వారిలో ఒక్క స్త్రీయైన నున్నచో, పరీక్షను త్వరపరుపుమని కోరు వీలును 2019 సంవత్సరపు సవరణ కల్పించినది. ఈ సంగతి పలువురు సోదరీమణులకు తెలియదు గావున ఇచ్చట ప్రత్యేకముగా చెప్పితిమి.

పరీక్షకుడు తన ఆక్షేపణలను మొదటి నివేదికలో వ్రాసి పంపును. దానికి ఆరు మాసములలోగా బదులు చెప్పవలయును. గడువు తీరకముందే రుసుము చెల్లించి కోరినచో మరి మూడు మాసములు దొరకును. ఆ గడువును జారవిడిచినచో దరఖాస్తును విడిచిపెట్టినట్లే యెంతురు. మా యీ సోదరి గడువులోపలనే బదులు చెప్పినది. కాని యేమని చెప్పినది? “ఇది నేను సొంతంగా తయారుచేసినది. ఎవరినీ చూచి చేయలేదు” అని రెండు వాక్యములు వ్రాసి పంపినది. అది సత్యమే. కాని వారడిగిన ప్రశ్న అది కాదు. ఎవరిని చూచి చేసితివని వారడుగలేదు. ఇట్టిది ఇంతకు ముందు లోకమున నున్నదా లేదా యని యడిగిరి. ప్రశ్నకు బదులు రానందున ఆక్షేపణలు అట్లే నిలిచిపోయినవి. అట్లు నిలిచినపుడు, త్రోసివేయుటకు ముందు దరఖాస్తుదారుని మాట వినవలయునని చట్టముయొక్క 14వ సెక్షను విధించుచున్నది. ఆ విధిని అనుసరించియే ఆమెకు పిలుపు వచ్చినది. కావున అది శిక్ష కాదు, చట్టము మనకిచ్చిన అవకాశము.

నోటీసును తీసికొని కూర్చుంటిమి. అందు మూడు ఆక్షేపణలు మిగిలియున్నవి. మొదటిది, పండ్లనుండి గింజలు తీయు చేతియంత్రము నొకదానిని వర్ణించు పాత పేటెంటు పత్రము కలదనియు, దానిని చూచినవారికి ఈమె సాధనము సులభముగనే తోచుననియు. రెండవది, 3వ సెక్షనులోని ‘ఎఫ్’ అను ఖండము ప్రకారము, తెలిసిన వస్తువులను ప్రక్కప్రక్కన కూర్చి, దేని పనిని అదియే పూర్వమువలె చేసికొనుచున్నచో అది కల్పన కాజాలదనియు. మూడవది, ఏ మేరకు హక్కు కోరుచున్నారో తెలుపు వాక్యములలో, అనగా క్లెయిములలో, ‘తగినంత సందు’ అని వ్రాసినారు, ఎంత యన్నది తెలియరాకున్నదనియు.

ఇది చదివినంతనే మాకు బాల్యమున మా తండ్రిగారు శాస్త్రగ్రంథములు చెప్పిన విధము జ్ఞప్తికి వచ్చినది. భాష్యకారులు తమ సిద్ధాంతమును ముందుగా చెప్పరు. ఎదిరి వాదమును, అదియే పూర్వపక్షమును, ఎదిరి చెప్పినదానికంటెను బలముగా తామే చెప్పుదురు. ఆ పిదప ఒక్కొక్క మాటకు సమాధానము చెప్పి సిద్ధాంతమును నిలుపుదురు. పూర్వపక్షమును సరిగా చెప్పలేనివానికి సిద్ధాంతము చెప్పు అర్హత లేదనెడివారు మా తండ్రిగారు. విచారణకు సిద్ధపడుట యనగా నిదియే. ఆక్షేపణను చూచి కోపగించుకొనువారును, కన్నీరు పెట్టుకొనువారును దానిని సరిగా చదువనివారే. అది మనపై నింద కాదు. మన వాదమునకు పూర్వపక్షము.

ఒక నోటు పుస్తకమును తెరచి ప్రతి పుటను మూడు భాగములుగా గీసితిమి. మొదటి భాగమున వారి ఆక్షేపణ, వారి మాటలలోనే. రెండవ దానిలో వారు చూపిన ఆధారము, అందలి పుట సంఖ్యతో. మూడవ దానిలో మన సమాధానము, మన వివరణపత్రములో అది యేయే చోట నున్నదో ఆ గుర్తుతో. మూడవ భాగమున గుర్తు వ్రాయలేని సమాధానము ఎంత మధురముగా నున్నను పనికిరాదని ఆమెకు చెప్పితిమి.

పాత పేటెంటు పత్రమును ఓపికతో చదివితిమి. బొమ్మను చూచినంతనే ఆమె కుమిలిపోయినది. ఆ యంత్రమునకును పిడి యున్నది. కాని లోపల చదువగా, అందున్నది ఒకే కొలత రంధ్రముగల ఇనుపరేకు. సందును మార్చు ఉపాయము లేదు. పండును పట్టి నిలుపు రబ్బరు లేదు. గట్టి పండ్లకొరకు చేసినదేగాని జిగటగల పండునకు కాదు. ఎదిరి పత్రములో నేమున్నదో చూచుటతోపాటు ఏమి లేదో చూచుటయు సిద్ధపాటులో ముఖ్యభాగము. ఆ ‘లేదు’ లోనే మన కల్పన నిలిచియుండును.

రెండవ ఆక్షేపణకు సమాధానము ఆమె నోటినుండియే వచ్చినది. “రబ్బరు తీసేస్తే పండు కూడా గింజతో కిందికి పోతుందండీ. మరమేకు లేకపోతే రబ్బరు ఉన్నా లాభం లేదు, చిన్నగింజ ఇరుక్కుపోతుంది” అన్నది. ఇంతకంటె వలసిన దేమి? ఒకదాని పని మరియొకదానిపై ఆధారపడియున్నది. విడివిడిగా తమ పాత పనిని చేసికొను వస్తువుల కూర్పు కాదిది. తనకు తెలిసినది వాదమని ఆమెకు తెలియకుండెను, అంతియే. మూడవ ఆక్షేపణ న్యాయమైనది. తగినంత యనునది వంటలో ఉప్పుకు చెల్లునేమో కాని హక్కుకు చెల్లదు. అదృష్టవశమున ఆమె మొదటి వివరణపత్రములోనే సందు కొలతలను మిల్లీమీటర్లలో వ్రాసియుండెను. ఆ కొలతలను క్లెయిములోనికి చేర్చుటకు నిశ్చయించితిమి. న్యాయమైన ఆక్షేపణను ఒప్పుకొని సవరించుకొనుట ఓటమి కాదు. అన్నింటికి అడ్డము చెప్పువాని మాటకు సభలో విలువ తగ్గును.

ఇచ్చట ఒక చిక్కు వచ్చినది. దరఖాస్తు పెట్టిన తరువాత ఆమె తన సాధనమునకు కాలితో త్రొక్కు మీటను చేర్చినది. దానితో పని మరింత తేలికయైనది. విచారణలో దానినే ముందు చూపవలయునని ఆమె ఉబలాటము. వలదంటిమి. దరఖాస్తు పెట్టినపుడు వివరణపత్రములో సారముగా చెప్పని విషయమును తరువాత సవరణపేర చొప్పించుటకు 59వ సెక్షను ఒప్పుకొనదు. కాలిమీటను గురించి ప్రసంగించినచో ఆమెకు మేలు కలుగకపోగా, అసలు కల్పన అసంపూర్ణమైనదను తలంపు కలుగవచ్చును. మూల కల్పనను మెరుగుపరచినపుడు దానికి అనుబంధముగా వేరొక దరఖాస్తు పెట్టుకొనుటకు చట్టములో వీలున్నది. ఆ త్రోవ ఆ త్రోవయే. ఈ దినపు వాదము ఈ దినపుదే.

ఇక ఆధారముల మాట. కాళిదాసుని శకుంతల రాజసభలో సత్యమునే పలికినది. కాని ఉంగరము నీట జారిపోయినందున ఆ సత్యము నిలువలేదు. నన్నయగారి శకుంతలకు ఉంగరము లేకున్నను ఆకాశవాణి సాక్ష్యము పలికినది. సోదరీమణులారా, పేటెంటు కార్యాలయమున ఆకాశవాణి పలుకదు. ఉంగరమును మనమే కొంగున ముడివేసికొని పోవలయును. ఈ సోదరికి ఒక మంచి యలవాటున్నది. సుత్తితో కొట్టిన దినమున ఎంత పండు తేలినది, సాధనముతో తీసిన దినమున ఎంత తేలినది, చితికిన గింజలెన్ని, కూలి లెక్కలకొరకు తేదీలతో వ్రాసియుంచెను. ఆ లెక్కల పుస్తకమే ఆమె ఉంగరము. అందలి అంకెలను పట్టికగా వ్రాయించి, ప్రమాణపత్రముతో జతపరచుటకు సిద్ధము చేసితిమి.

వ్రాతకు గల విలువ యెట్టిదో పసుపు కథ చెప్పును. గాయములు మాన్పుటకు పసుపును వాడు పద్ధతికి అమెరికా దేశమున 1995 మార్చిలో మిసిసిపీ విశ్వవిద్యాలయమువారి వైద్యకేంద్రమునకు పేటెంటు లభించినది. కూరలు తరుగునపుడు వ్రేలు తెగినచో పసుపు అద్దని తల్లి మన దేశమున గలదా? అయినను తల్లులందరు చేరి ‘మాకు తెలిసినదే’ యన్నచో ఆ పేటెంటు తొలగెడిది కాదు. మన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలివారు 1996లో పునఃపరీక్ష కోరి, సంస్కృతము, ఉర్దూ, హిందీ మొదలగు భాషలలోని 32 ఆధారములను సేకరించి సమర్పించిరి. వానిలో నూరేండ్లకు మించినవి యుండెను. 1953 నాటి భారతీయ వైద్య సంఘపు పత్రికలోని వ్యాసము నుండెను. వానిని చూచిన పిదప 1997లో ఆ కార్యాలయమువారు ఆ హక్కును త్రోసివేసిరి. అమ్మమ్మలు చేతితో చేసినది వేయి సంవత్సరముల పనియే కావచ్చును. నెగ్గినది మాత్రము ఎవరో ఎప్పుడో వ్రాసియుంచిన కాగితము.

ఆ కథవలన మరియొక సంగతి తెలియుచున్నది. మనము హక్కు కోరువారమే కాదు, అన్యాయమైన హక్కును అడ్డువారమును కావచ్చును. పరంపరాగతమైన జ్ఞానమునకు పేటెంటు చెల్లదని మన చట్టములోని 3వ సెక్షను ‘పి’ ఖండము చెప్పుచున్నది. ఒక దరఖాస్తు ప్రకటింపబడిన తరువాత, హక్కు ఇయ్యకముందు, ఎవరైనను వ్రాతపూర్వకముగా అభ్యంతరము చెప్పవచ్చును. ఇచ్చిన తరువాత నైనచో, ఆ సంగతి ప్రకటింపబడిన ఒక్క సంవత్సరములోగా, ఆ విషయమున సంబంధముగలవారు చెప్పవలయును. వానియందును విచారణలు జరుగును. ఏ పక్షమున నిలిచినను సిద్ధపడు తీరు ఒక్కటియే.

విచారణ దినమును గూర్చి కొన్ని మాటలు. నోటీసు సామాన్యముగా పది దినములు ముందుగా వచ్చును. నేడది ఈ-మెయిలులో వచ్చుచున్నందున ఆ పెట్టెను దినమున కొకసారి తెరచి చూచుకొనవలయును. ఈ సోదరి కుమారుడు చూడకున్నచో ఈ పిలుపు చదువబడకయే యుండెడిది. వచ్చెదమో లేదో వెంటనే తెలుపవలయును. నిజముగా వీలుకానిచో, కారణము చూపి, రుసుము చెల్లించి, కనీసము మూడు దినములు ముందుగా వాయిదా కోరవచ్చును. రెండు వాయిదాలకు మించి ఇయ్యరు; ఒక్కొక్కటి ముప్పది దినములకు మించదు. ఇంట పెండ్లియనియు, పండుగయనియు ఊరక వాయిదాలు అడుగుట మేలు కాదు. చెప్పక మానివేసినచో, మనము చెప్పవలసినది లేనట్లే, కాగితములలో నున్నదానినిబట్టి తీర్పు వ్రాయుదురు.

తన పక్షమున తానే మాటలాడవచ్చును. నమోదైన పేటెంటు ఏజెంటునుగాని న్యాయవాదినిగాని నియమించుకొనవచ్చును. ధనము గలవారు నియమించుకొనుటయే మంచిది. లేనివారు తమకు లేదని మానుకొనవలదు. కాగితములు మాత్రము ఇంగ్లీషునగాని హిందీలోగాని ఉండవలయును. భాషకు సాయము తీసికొనవచ్చును. విషయము మాత్రము కల్పించినవారిదే కావలయును. ఆమె ఇంటరు వరకు చదివినది. మా యింటివారు పాఠశాలలో ఇంగ్లీషు చెప్పువారు గావున, ఆమె చెప్పినదానిని చిన్న చిన్న వాక్యములుగా దిద్ది యిచ్చిరి. ప్రతి వాక్యమునకు అర్థము ఆమెచేతనే చెప్పించితిమి. అర్థము తెలియక వల్లించిన వాక్యము మొదటి యెదురుప్రశ్నకే కూలిపోవును.

ఈ విచారణలు దృశ్యమాధ్యమము ద్వారా కూడ జరుగుచున్నందున చెన్నై పోనక్కర లేకపోయినది. మా ముందరి గదిలో బల్లమీద కంప్యూటరు పెట్టి, సాధనమును, గుప్పెడు చింతపండును ప్రక్క నుంచితిమి. ఆమె మామగారు మాత్రము ముందునాటి రాత్రి వచ్చి, “ఆఫీసర్లతో మనకెందుకమ్మా, ఆ వర్తకుడు ఏదో ఇస్తానన్నాడుగా, పుచ్చుకుని ఊరుకో” అని చెప్పిపోయిరి. ఆమె బదులు చెప్పలేదు. మరునాడు వేళకు పది నిమిషములు ముందుగనే వచ్చి కూర్చున్నది.

అధికారి మర్యాదగనే మాటలాడిరి. వారికి అనేక దరఖాస్తులుండును. కావున కల్పన చరిత్ర యంతయు మొదలుపెట్టరాదు. బలమైన సమాధానము ముందు చెప్పవలయును. ఆమె పాత యంత్రమునకును తన దానికిని గల భేదమును నాలుగు వాక్యములలో చెప్పి, రబ్బరు పట్టీలను ఊడదీసి ఒకసారియు, బిగించి ఒకసారియు పిడి నొక్కి చూపినది. మొదటిసారి పండు గింజతో క్రిందపడినది. రెండవసారి గింజ మాత్రమే పడినది. అధికారి రెండు ప్రశ్నలడిగిరి. ఒకదానికి వెంటనే బదులు చెప్పినది. రెండవది, రబ్బరు మందమునుగూర్చి. అది పత్రములో ఏ పుటయందున్నదో ఆమెకు తోచలేదు. గాభరాపడి ఏదో యొక అంకె చెప్పక, “వ్రాతపూర్వక సమర్పణలో చూపుతానండి” అన్నది. మేమాసమయమున ఎంత సంతోషించితిమో చెప్పలేము. తెలియనిదానిని తెలిసినట్లు చెప్పి చిక్కుపడినవారు పెక్కుమంది. అధికారి యడిగిన ప్రతి మాటను మేము ప్రక్కన కూర్చుండి వ్రాసికొంటిమి.

విచారణ ముగిసినదని పుస్తకము మూయరాదు. అసలు పని అపుడే మొదలగును. విచారణ జరిగిన తేదినుండి 15 దినములలోగా వ్రాతపూర్వకమైన వాదమును, ఆధారములను సమర్పింపవలయునని 28వ నియమము. ఉత్తర్వు వ్రాయునాటికి అధికారి చెవిలో మన కంఠస్వరముండదు, కాగితమే యుండును. దరఖాస్తు త్రోసివేయబడి, పైకి పోవలసివచ్చినచో హైకోర్టువారు చూచునదియు ఆ కాగితమునే. 2021లో మేధాసంపత్తి అప్పీలు మండలి రద్దయినప్పటినుండి అప్పీళ్లు హైకోర్టులకే పోవుచున్నవి. దానికి మూడు మాసముల గడువు. కారణములు చెప్పని ఉత్తర్వులను హైకోర్టులు మరల విచారింపుడని త్రిప్పి పంపిన సందర్భములు కలవు. కాని మనము చెప్పియే యుండని కారణమును వినలేదని అచ్చట మొరపెట్టుకొనుట కష్టము.

ఆ వాదము ఎట్లుండవలయును? మొదట దరఖాస్తు సంఖ్య, విచారణ తేది, హాజరైనవారి పేర్లు. పిదప నోటీసులోని వరుసనే అనుసరించి, ఒక్కొక్క ఆక్షేపణ క్రింద దాని సమాధానము. ప్రతి సమాధానమునకు పుట, పంక్తి. సవరించిన క్లెయిములను రెండు ప్రతులుగా, మార్పులు గుర్తించినది యొకటి, శుభ్రముగా వ్రాసినది యొకటి. విచారణలో అడిగిన ప్రశ్నలకు విడిగా బదులు. చివర జతపరచిన కాగితముల పట్టిక, సంతకము, తేది. విశేషణములు తగ్గింపవలయును. అద్భుతము, అపూర్వము అను మాటలవలన ఒక్క గింజయు రాలదు. మొదటి ప్రతిలో ఆమె తన కష్టములన్నియు వ్రాసికొనినది. మేము కొట్టివేయుచుండగా మాకే మనసు చివుక్కుమన్నది. కాని ఆ కష్టమునకు రావలసిన ఫలము రావలయుననియే ఆ కష్టపు కథను కొట్టివేసితిమి.

రబ్బరు మందము వివరణపత్రపు ఆరవ పుటలో దొరకినది. పదునైదవ దినమువరకు ఆగక పండ్రెండవ దినముననే సమర్పించి, అందినట్లు తెలుపు రసీదును ముద్రించి దాచుకొనినది. చివరి దినమున కరెంటు పోవుట మన యూళ్లలో వింత కాదు గదా!

ఉత్తర్వు ఇంకను రాలేదు. ఏమి వచ్చునో మేము చెప్పజాలము. మొన్న ఆమె గింజలు తీసిన చింతపండును ఒక చిన్న బుట్టలో తెచ్చియిచ్చి, కూర్చుండి, సంచిలోనుండి క్రొత్త నోటు పుస్తకమొకటి తీసి చూపినది. మొదటి పుటలో కాలిమీట బొమ్మ గీసియున్నది. ప్రక్కన కొలతలు వ్రాసియున్నవి. వర్తకునికి గాని, సంతలో మరెవ్వరికి గాని దానిని ఇంకను చూపలేదట. బొమ్మ క్రింద, ఎవరును చెప్పకయే, ఆమె తేది వేసియున్నది.